పన్నెండో భాగం మీద జౌ ఐలియెన్ అభిప్రాయం

చైనాలో మా ఛింగ్‌తియెన్ ఊళ్ళో జౌ ఐలియెన్ అంటే తెలియనివాళ్ళు లేరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. స్పెయిన్ దేశంలో, వలెన్సియా నగరంలో, పద్దెనిమిదేళ్ళు చైనా హోటళ్ళ వంటిళ్ళలో చెయ్యి కాల్చుకుని వచ్చింది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. రోజూ పొద్దున్నే నది ఒడ్డున యోంగ్‌కాంగ్ కాఫీ కొట్లో చిన్న కప్పుతో చిక్కటి కాఫీ తాగితే గాని కూరగాయల బజారుకు కదలదు. ఆ కాఫీని తిట్టకుండా తాగిన రోజు కూడా లేదు.

"ఇది కాఫీయా, కషాయమా అన్నయ్యా? వలెన్సియాలో ఇలాంటిది ఇస్తే మొహాన పోస్తారు."

"పోయించుకున్న మొహం లాగే ఉందిలే, తాగు" అంటాడు యోంగ్‌కాంగ్. అతను ఇటలీలో ఇరవై ఏళ్ళు తోలుసంచులు కుట్టి వచ్చినవాడు. ఇటలీ గొప్పదా స్పెయిన్ గొప్పదా అన్న తగాదా ఆ కొట్లో ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఇంటికొకరు పరాయి దేశంలో బతికిన ఊరు మాది, ఇలాంటి తగాదాలకు కరువుండదు.

ఇంత నోరున్న మనిషికి ఇంట్లో అడుగుపెడితే మాట పెగలదు. ఇంట్లో ఉన్నది ఒక్కగానొక్క కూతురు వెన్‌చింగ్. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, కౌంటీ ఆసుపత్రిలో మందులిచ్చే చోట పనిచేస్తుంది. తల్లికి మర్యాదలో ఏ లోటూ చేయదు. చేపలో మంచి ముక్క తీసి ఆమె గిన్నెలో వేస్తుంది, చలిగా ఉంటే వేడినీళ్ళ సీసా పక్కలో పెడుతుంది, "ఇంకేమైనా కావాలా అమ్మా?" అని అడుగుతుంది. ఆ అడగటం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను అడిగినట్టుంటుంది. ఒక్కసారైనా విసుక్కోదు, అలగదు, ఎదురు చెప్పదు. కూతురు తనతో ఒక్కరోజు గట్టిగా పోట్లాడితే చాలునని ఐలియెన్ ఆశ. తల్లి అనుకుంటేనే కదా పోట్లాడేది!

దీని వెనక కథ మా ఊరి కథే. రాతిబొమ్మలు చెక్కే మొగుడు ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. నాలుగేళ్ళ పిల్లను అమ్మమ్మ ఒళ్ళో పెట్టి ఐలియెన్ వలెన్సియా వెళ్ళింది. చేతిలో సరైన కాగితాలు లేవు. తిరిగొస్తే మళ్ళీ వెళ్ళనివ్వరు, వెళ్ళకపోతే ఇల్లు గడవదు. అలా ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. కాగితాలు చేతికొచ్చాక మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు పన్నెండేళ్ళ వెన్‌చింగ్ అమ్మమ్మ వెనక నక్కి, "పిన్నిగారూ, కూర్చోండి" అంది. పోయినేడాది కన్నుమూసేదాకా అమ్మమ్మ ఆ మాట చెప్పుకుని నవ్వుతుండేది. ఐలియెన్‌కు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఆ ఎనిమిదేళ్ళూ ఆదివారం ఆదివారం ఫోన్ ఉండేది. మావాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది, దూరదేశం నుంచి ఫోన్ చేస్తే మంచిమాటే చెప్పాలి. కాలు విరిగినా బాగానే ఉన్నామంటారు. ఐలియెన్ ఒక మెట్టు పైకి వెళ్ళింది. తన గదికి బాల్కనీ ఉందంది, బాల్కనీ ముందు నారింజ చెట్టుందంది. హోటల్ యజమానురాలు సొంత చెల్లెల్లా చూసుకుంటోందని, సెలవు రోజున సముద్రం ఒడ్డున పచార్లు చేస్తున్నానని చెప్పింది. వినే పిల్ల బెంగపెట్టుకోకూడదని ఆమె తాపత్రయం.

ఇక ఈ వసంతంలో 'సముద్రం వైపు కిటికీ' అనే సీరియల్ వచ్చింది. ఫోన్లో చూసే ప్రేమకథ, ఇరవై నాలుగు భాగాలు. ఒక చైనా పిల్ల చదువుకోవడానికి వలెన్సియా వెళ్ళి, హోటల్లో గిన్నెలు తోముతూ, అద్దెగది కోసం ఒక కుర్రాడితో గొడవపడి, ఆ గొడవలోనే ప్రేమలో పడుతుంది. వలెన్సియా కథ అనేసరికి కాఫీ కొట్లో అందరూ ఐలియెన్ చుట్టూ చేరారు.

"ఎంత ముద్దుగా ఉన్నారే ఇద్దరూ!" అంది మైఫాంగ్. పక్కవీధిలో సేమ్యా అమ్మే ఈవిడ జిల్లా దాటి ఎరగదు. "నిజంగా అక్కడ అలాగే ఉంటుందా వదినా?"

"నా తలకాయలా ఉంటుంది! గిన్నెలు తోమే పిల్లకు గోళ్ళరంగు చెక్కుచెదరలేదు, చూశావా? అవి చేతులా, మైనపు బొమ్మ చేతులా?"

"నీకు ప్రేమంటే గిట్టదు."

"గిట్టకేం? ముందు మూకుడు తోమమను, తర్వాత ప్రేమించమను."

భాగం తర్వాత భాగం చూసేకొద్దీ ఐలియెన్‌కు ఒళ్ళు మండిపోయింది. అభిప్రాయం చెప్పి తీరాలంది. ఆమె ఫోన్లో బొమ్మ మీద ఏవో అక్షరాలు చీమల బారులా పాకుతుంటే కళ్ళు తిరుగుతున్నాయని మొదటి రోజే గోల చేసింది. యోంగ్‌కాంగ్ అవి కనబడకుండా చేసిపెట్టాడు. కింద 'మీ అభిప్రాయం రాయండి' అన్న పెట్టె మాత్రం మిగిలింది. ఆ పాకే అక్షరాలు చూసేవాళ్ళ అభిప్రాయాలేనని ఆమెకు తెలియదు. వెనకటికి రేడియో కేంద్రానికీ పత్రికకూ ఉత్తరాలు రాసిన కాలం మనిషి కదా, పెట్టెలో వేసింది సీరియల్ తీసినవాళ్ళకే చేరుతుందనుకుంది. అందుకే ఊరూ పేరూ సహా పద్ధతిగా రాసింది.

"ఏడో భాగం. వంటింటికి కిటికీ చూపించారు. నేను వలెన్సియాలో నాలుగు వంటిళ్ళు మారాను. ఒక్కదానికీ కిటికీ లేదు. గమనించగలరు. ఇట్లు, జౌ ఐలియెన్, ఛింగ్‌తియెన్ కౌంటీ."

"తొమ్మిదో భాగం. హీరో అర్ధరాత్రి పూలగుత్తి తెచ్చాడు. ఆ వేళకు అక్కడ పూలకొట్టు ఉండదు. ఏ సమాధి మీద నుంచి ఎత్తుకొచ్చాడో విచారించగలరు. ఇట్లు, జౌ ఐలియెన్."

పన్నెండో భాగం చూసిన రోజు కొట్లో జనం లేరు. అందులో చైనా కొత్త సంవత్సరం ముందురోజు హీరోయిన్ బాల్కనీలో నిలబడి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, నాకిక్కడ బాగాలేదు" అని చెప్పి ఏడుస్తుంది. ఐలియెన్ అక్కడ బొమ్మ ఆపేసింది. మూలబల్ల దగ్గర కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, వేలితో ఒక్కొక్క అక్షరమే గీస్తూ చాలాసేపు రాసింది. పెట్టెలో రెండు మూడు ముక్కలకు మించి పట్టవు కాబట్టి, ఒక్కొక్కదాని చివర 'ఇంకా ఉంది' అని రాసి మళ్ళీ మొదలుపెట్టింది. రాశాక గుండెల్లో బరువు దిగినట్టనిపించి, రెండు గుప్పెళ్ళ చిక్కుళ్ళు ఎక్కువే కొనుక్కుని ఇంటికి పోయింది.

మూడు రోజుల తర్వాత, శనివారం మధ్యాహ్నం, మైఫాంగ్ ఆయాసపడుతూ కొట్లోకి వచ్చింది.

"వదినా! నువ్వు సినిమాతారవి అయిపోయావే!"

ఆమె ఫోన్లో అక్షరాలు బొమ్మ మీద పాకుతున్నాయి. 'ఐలియెన్ పిన్ని వచ్చింది, అందరూ కూర్చోండి.' 'పిన్నీ, ఆ సమాధి ఎవరిదో తేలిందా?' 'పిన్ని కోసమే చూస్తున్నా, హీరో ఎవడిక్కావాలి?' ఐలియెన్ మొదట పొంగిపోయింది. తర్వాత అనుమానం వచ్చింది.

"నేను రాసింది వీళ్ళందరికీ ఎలా తెలిసింది?"

"చూసేవాళ్ళందరికీ కనబడుతుంది కదే! దేశం మొత్తానికి."

"పన్నెండో భాగంలో రాసింది కూడా?"

మైఫాంగ్ ముఖంలో నవ్వు తగ్గిపోయింది. "అది చదివి నేను పొద్దున సేమ్యా ఆరేయడం కూడా మర్చిపోయాను వదినా" అంది మెల్లగా.

వెన్‌చింగ్ కూడా ఆ సీరియలే చూస్తోంది, శనివారం సెలవు రోజున మాత్రమే. పోయిన శనివారం పదకొండో భాగం అయింది. ఆదివారం ఫోన్లలో తల్లి చెప్పినదంతా అబద్ధమని తెలిస్తే, ఆ పిల్ల దగ్గర మిగిలిన కాస్త మర్యాద కూడా పోతుంది.

"తుడిచెయ్యి అన్నయ్యా, తొందరగా తుడిచెయ్యి!"

యోంగ్‌కాంగ్ కళ్ళజోడు పైకీ కిందికీ చేసి, అక్కడ నొక్కి, ఇక్కడ నొక్కి, చివరికి ఆమె రాసినదానికి ఆమె చేతే శభాష్ అనిపించాడు. తుడవడం మాత్రం అతని వల్ల కాలేదు. ఐలియెన్ అతన్ని, అతని ఇటలీని, ఇటలీ కాఫీని కలిపి ఒక్క తిట్టు తిట్టి ఇంటికి పరుగెత్తింది.

వెన్‌చింగ్ సోఫాలో కాళ్ళు ముడుచుకుని, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ, ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని కూర్చుంది.

"ఎన్నో భాగం?" అంది ఐలియెన్ గుమ్మంలోంచే.

"పన్నెండు. ఇప్పుడే మొదలైంది."

"అది బాగాలేదట. వదిలేసి పదమూడు చూడు."

"ఆసుపత్రిలో అందరూ పన్నెండే చూడమంటున్నారమ్మా. మన కౌంటీ ఆవిడెవరో ఏదో రాసిందట, పేరడిగితే నువ్వే చూడు అంటారు. నేనెప్పుడూ ఆ రాతలు పెట్టుకోను, ఇవాళ దానికోసమే పెట్టాను."

ఐలియెన్ గోడ దగ్గరికి వెళ్ళి ఇంటర్నెట్ డబ్బా తీగ పీకేసింది.

"ఫోన్లో డేటా ఉందమ్మా" అంది వెన్‌చింగ్ ఆశ్చర్యంగా. "మీకు ఒంట్లో బాగాలేదా? కూర్చోండి."

ఐలియెన్ కూర్చుంది. ఇంకేం చేయాలో తోచలేదు. తెర మీద బాల్కనీ వచ్చింది, బాణసంచా వెలిగింది, హీరోయిన్ ఫోన్ చెవిన పెట్టుకుంది. అప్పుడు ఆ రాతలు కుడివైపు నుంచి బయల్దేరాయి.

"కొత్త సంవత్సరం ముందురోజు గిరాకీ ఎక్కువ, చైనా హోటల్లో ఎవర్నీ ఫోన్ దగ్గరికి పోనివ్వరు. నేను మర్నాడు చేసేదాన్ని. అప్పుడు నా కూతురికి ఏడేళ్ళు. ఇంకా ఉంది."

"గదికి బాల్కనీ ఉందని చెప్పాను. నారింజ చెట్టుందని చెప్పాను. ఆరేళ్ళు నేను పడుకున్నది బియ్యం బస్తాల గదిలో. ఇంకా ఉంది."

"నాకు కాగితాలు లేవు. పోలీసు బండి వస్తే చెత్తడబ్బా వెనక దాక్కున్నాను. ఆ ఆదివారం కూడా సముద్రం బాగుందని చెప్పాను. ఇంకా ఉంది."

"ఫోన్ పెట్టేశాక ఇంత నాజూగ్గా ఎవరూ ఏడవరు. గొంతు బయటికి రాకుండా బస్తాలో మొహం పెట్టుకుంటారు. ఇంకా ఉంది."

"అయినా ఈ పిల్ల తల్లికి నిజం చెప్పింది. నేను నా పిల్లకు చెప్పలేదు. ఈ ఒక్కటీ మీరు బాగా తీశారు. ఇట్లు, జౌ ఐలియెన్, ఛింగ్‌తియెన్ కౌంటీ."

వెన్‌చింగ్ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. ఒక్కసారి వెనక్కి జరిపి, మొత్తం మళ్ళీ చదివింది. తర్వాత బొమ్మ ఆపేసింది. ఐలియెన్ తల ఎత్తలేదు.

"నారింజ చెట్టు లేదా?" అంది వెన్‌చింగ్.

"లేదు."

"నేను బళ్ళో అందరికీ చెప్పాను. మా అమ్మ బాల్కనీలోంచి చెయ్యి చాపి కోసుకు తింటుందని. బొమ్మ కూడా వేశాను."

"తప్పయిపోయింది."

"అమ్మమ్మ ఏడుస్తుంటే నేను కసిరేదాన్ని, తెలుసా? ఎందుకేడుస్తావ్, అక్కడ హాయిగా ఉంది, మనం అక్కర్లేదు, అందుకే రావట్లేదు అనేదాన్ని. నీ కోసం ఏడవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లని! సముద్రం ఒడ్డున తిరిగే మనిషి కోసం ఎవరైనా ఏడుస్తారా?"

"నువ్వు బెంగపెట్టుకుంటావని..."

"పెట్టుకోనీ! పెట్టుకుంటే ఏమయ్యేది? మా అమ్మ బస్తాల మధ్య పడుకుని ఉందని తెలిస్తే రోజూ ఏడ్చేదాన్ని. రోజూ తలుచుకునేదాన్ని. దేశంలో ఎవరెవరికో చెప్పుకున్నావ్, నాకు చెప్పడానికి నోరు రాలేదా? నాకు అమ్మ ఉందని అనుకోనిచ్చావా అసలు?"

గొంతు పక్కింటికి వినిపించేంత పైకి వెళ్ళింది. అచ్చం తల్లి గొంతే. ఐలియెన్ కళ్ళనీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

వెన్‌చింగ్ దగ్గరికి జరిగి, తల్లి ముంజేతిపై నూనె కాలిన మచ్చ మీద వేలు పెట్టింది. "ఇది ఏ వంటింట్లో?"

"రెండోది."

"మొదటి దాన్నుంచి చెప్పు. విమానం దిగిన దగ్గర్నుంచి. ఒక్క అబద్ధం చెప్పావో, ఊరుకోను."

ఐలియెన్ చెప్పడం మొదలుపెట్టింది. విమానం దిగిన రోజున వాన అనీ, తీసుకెళ్ళడానికి రావలసినవాడు రాలేదనీ, రెండు రోజులు బస్టాండులోనే ఉన్నాననీ చెప్పేసరికే వెన్‌చింగ్ తల్లి ఒళ్ళో తల పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవనీ అనుకుని, ఐలియెన్ కూతురి వీపు నిమురుతూ కూర్చుంది.