బెల్టు, మోటారు, మా అత్తగారి ఆల్టో

మంచి టర్న్‌టేబుల్, అదే రికార్డు ప్లేయర్, అంటే బెల్ట్ డ్రైవే అని ఎవరితోనైనా వాదనకు దిగే రకం నేను. మోటారు ఒక పక్కన విడిగా కూర్చుంటుంది. రికార్డు పెట్టే బరువైన పళ్ళేనికీ దానికీ మధ్య సన్నటి రబ్బరు బెల్టు ఒక్కటే చుట్టరికం. మోటారు వణుకంతా ఆ రబ్బరులోనే ఇంకిపోతుంది, సూది దాకా రాదు. ఇంత తక్కువ సామానుతో ఇంత నిశ్శబ్దం సాధించిన బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది. అయితే మా ఇంట్లో ఉన్నది నా వాదన మాత్రమే. ప్లేయరేమో ఎవరో వద్దనుకుని గరాజ్ సేల్‌లో పెడితే కొన్న పాతది.

ఇక్కడ టెక్సస్‌లో, ప్లేనోలో మాకు దగ్గర్లోనే ఉండే వరంగల్ మిత్రుడు బెల్టు లేని డైరెక్ట్ డ్రైవ్ పక్షం. అతని దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, రెండూ మేలైనవే. ఒక శనివారం మధ్యాహ్నం మా ఆవిడ వాళ్ళమ్మ పాడిన రికార్డు పట్టుకుని నన్ను అతనింటికి బయల్దేరదీసింది.

అత్తగారు పోయి ఏడాది దాటింది. వయసులో ఉన్నప్పుడు కాకినాడలో మరో ముగ్గురితో కలిసి పాడిన క్రైస్తవ కీర్తనల రికార్డు అది. ఆమె గొంతు ఇక మిగిలింది అందులోనే. ఆమెది ఆల్టో, అంటే పై గొంతు కింద నడిచే రెండో గొంతు. ఈస్టర్‌కి మా తెలుగు చర్చిలో ఆ కీర్తన పాడాలనీ, వాళ్ళమ్మ వరస తనే పాడాలనీ మా ఆవిడ పట్టుదల. మా ప్లేయర్‌లో ఆ వరస గరగరలో కలిసిపోయి అందేది కాదు.

మిత్రుడు రికార్డును ముందు బెల్టుదాని మీద పెట్టాడు. నాలుగు గొంతులూ విడివిడిగా, ఊపిరి తీసుకోవడంతో సహా వినిపించాయి. నేను గెలిచినవాడిలా మిత్రుడి వైపు చూశాను. మా ఆవిడ మాత్రం వెంట తెచ్చుకున్న హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కింది, దాని పక్కది నొక్కింది, తల అడ్డంగా ఊపింది.

"శ్రుతి దేనికీ కలవట్లేదండీ. రెంటికీ మధ్యలో ఉంది. ఇలా అయితే నేనెక్కడ తప్పుతున్నానో నాకెలా తెలుస్తుంది?"

మిత్రుడు స్పీడ్ చెక్ చేశాడు. "మెషిన్ కరెక్ట్‌గనే తిరుగుతున్నది చెల్లె. అప్పట్ల వాళ్ళ హార్మోనియమే వేరే శ్రుతిల ఉండొచ్చు."

ఆ పళ్ళెం ఒకసారి వేగం పట్టిందంటే ఎవరి మాటా వినదు. ఆ మొండితనమే నాకిష్టం. ఆ రోజు అదే అడ్డమైంది.

రెండోదానికి బెల్టు లేదు. పళ్ళెం కిందే మోటారు, రెండింటికీ ఇరుసు ఒకటే. లోపల ఒక క్వార్ట్జ్ పలుకు వేగానికి క్షణక్షణం కాపలా కాస్తుంది. పక్కన వేగాన్నీ, దాంతోపాటే శ్రుతినీ కాస్త పెంచి తగ్గించే ఒక స్లైడర్. మిత్రుడు దాన్ని వెంట్రుకవాసి జరిపాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు అన్నయ్యగారూ!"

నాలుగు గొంతులూ వచ్చి హార్మోనియం మెట్టు మీద నిలబడ్డాయి, మళ్ళీ కదల్లేదు. నేను నా పక్షం మరచిపోయి ఆ యంత్రాన్నే చూస్తూ ఉండిపోయాను. మారమంటే మారడం, మారిన చోట అంత నిబ్బరంగా నిలవడం! దాన్ని తయారుచేసినవాళ్ళ మీద గౌరవం పొంగుకొచ్చింది.

మా ఆవిడ ఆల్టో అందుకుంది. రెండు మాటలు పాడి ఆపేసింది. కీర్తన మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. ఈసారి పై గొంతు పాడింది, చివరిదాకా. కింద వాళ్ళమ్మ. పాతికేళ్ళయినా నిండని తల్లి గొంతూ, నలభై దాటిన కూతురి గొంతూ పక్కపక్కన నడిచాయి. నాకు కళ్ళు నిండాయి.

సూది ఎత్తాక, "మరి ఈస్టర్‌కి ఆల్టో ఎవరు పాడతారు?" అని అడిగాను.

మా ఆవిడ మిత్రుడి వైపు తిరిగి, "అన్నయ్యగారూ, ఈ మెషిన్‌ని చర్చికి తీసుకెళ్ళొచ్చా?" అంది.