రెండు మోకులు

ఎండాకాలం వచ్చి చేలు ఖాళీ అయ్యాయంటే ఇటిక్యాల నాగప్ప గొడ్డలి నూరుకునేవాడు. కౌలుకు చేసే నాలుగెకరాల మెట్ట చెలకలో జొన్నకోత అయిపోయాక మళ్లీ మృగశిర దాకా పని ఉండదు. ఆ మూడు నెలలూ అతనికి చెట్ల మీదే బతుకు. ఇళ్ల మీదికి వాలిన కొమ్మలు, పిడుగు పడి సగం ఎండిన చింతలు, ఎవరూ ముట్టడానికి ధైర్యం చేయనివన్నీ అతనివే. చెట్టును నరికి పడేయడం ఎవరైనా చేస్తారు. చెట్టును బతకనిచ్చి, చెడిన కొమ్మను మాత్రం కింద ఒక్క పెంకు పగలకుండా దించడం అయిజ నుంచి గద్వాల దాకా అతనొక్కడికే వచ్చునని పేరు.

ఆ పేరులో సగం తన పెళ్లాం ఈదమ్మదని నాగప్పే చెప్పేవాడు. పనికి రెండు మోకులు, లావుపాటి తాళ్లు, కావాలి. ఒకటి కోయబోయే కొమ్మకు కడతారు. అది పైన కొమ్మలు చీలే పంగ మీదుగా కిందికి వచ్చి, చెట్టు మొదలుకు రెండు చుట్లు చుట్టుకుని ఈదమ్మ చేతిలో ఉంటుంది. కొమ్మ తెగగానే ఆమె దాన్ని పసిబిడ్డను దించినట్టు నేలకు దించాలి. రెండోది నాగప్ప నడుముకు. అదీ పైపంగ మీదుగానే వస్తుంది, దాని కొన కింద వేరుకు కట్టి ఉంటుంది. అతను పైన కదిలినప్పుడల్లా ఆమె దాన్ని వదులు చేస్తూ, బిగిస్తూ ఉండాలి. నాగప్ప ఆమెకు మేనమామ. కడుపున పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయాక ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక ఆమె ఈ పనిలోకి వచ్చింది. అలా పన్నెండేళ్లయింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక ఇద్దరి ఒళ్లూ హూనమే. ఆమె వావిలాకు వేసి నీళ్లు కాచేది. అతని నడుముకు ఉప్పుమూట కాపడం పెట్టేది, భుజానికి ఆముదం రాసి పైన వెచ్చజేసిన ఆముదపాకు కట్టేది. తరువాత అతను ఆమె అరచేతులు తన ఒళ్లో పెట్టుకుని, మోకు ఒరిసిన చోట పసుపు కలిపిన వెన్న రాసేవాడు.

"నీ చేతులు నా కంటె ముందుగాల ముసలియైతున్నయే ఈదీ," అనేవాడు.

"మోస్తున్నది ఎవరిని? నిన్నే గద మామా," అని ఆమె నవ్వేది.

ఫసలీ పదమూడు వందల నలభై ఆరులో, అంటే 1937 ఎండాకాలంలో, అయిజలో ఒక చింత మీద నాగప్ప కుడిభుజం కీలు జారింది. చేయి చాచి రంపం లాగుతుంటే టక్కుమన్న చప్పుడు కింద ఉన్న ఈదమ్మకు కూడా వినిపించింది. అతను ఒంటిచేత్తోనే ఎలాగో దిగాడు. ఆ ఊళ్లో ఎముకలు కట్టే భీమన్న అతన్ని నేల మీద పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చేయి పట్టి మెల్లగా లాగి కీలును దాని చోట కూర్చోబెట్టాడు. మినప్పిండిలో గుడ్డుసొన కలిపి పట్టు వేశాడు.

"నాగప్పా, ఇంటున్నవా?" అన్నాడు భీమన్న. "కీలు ఒక్కసారి జారిందంటె దానికి తోవ తెలుస్తది. మూడు నెలలు ఈ చెయ్యి నెత్తి మీదికి లేపకు. లేపితివా, మళ్ల జారుతది. ఏడ జారుతదో నిన్ను అడగదు."

"మూడు నెలలంటె ఎండకాలమంత పాయె గద అన్నా."

"పోతె పోనియ్. చెయ్యి పోతె యాడికెల్లి తెస్తవు?"

పాతచీర పేలిక మెడకు కట్టుకుని నాగప్ప అయిదు వారాలు ఓపిక పట్టాడు. ఆరో వారం విప్పేశాడు. ఆ వర్షాకాలం బావిలో నీళ్లు తోడుతుంటే కీలు మళ్లీ జారింది. పళ్లు బిగించి చేను గట్టున కూలబడ్డాడు. భీమన్న చేయగా చూసింది కదా, ఈదమ్మే మడమ ఆనించి లాగింది. కీలు కూర్చుంది.

"భీమన్నకు చెప్పకే," అని అతను బతిమాలాడు. ఆమె చెప్పలేదు. మరుసటి ఎండాకాలం లోపల ఇంకా మూడుసార్లు జారింది, మూడుసార్లూ ఆమే సరిచేసింది. ఒక్కోసారీ అది ముందటికంటే సులువుగా జారడం, సులువుగా కూర్చోవడం ఆమెకే తెలుసు. అలా సులువవడం మంచిది కాదనీ తెలుసు.

వైశాఖంలో గద్వాల నుంచి రాజమౌళి అనే నేతపని చేసే సాలె ఆయన బండి కట్టుకుని వచ్చాడు. గాలివానకు పెరట్లోని వేప పెద్దకొమ్మ చీలి, సరిగ్గా మగ్గాల సాల మీద వేలాడుతోందట.

"ఎవ్వరిని పిలిచినా చూసి మర్లిపోతుండ్రు నాగప్పా. నా కోడలు నిండు నెలలతోని ఉన్నది. ఆ కొమ్మ కింద పండుకుంటె కన్ను మూతపడుతలేదు."

"మామ చెయ్యి బాగలేదన్నా," అంది ఈదమ్మ.

"ఎడమచేత్తో కోస్త. కుడిది ఊకె పట్టుకునేటందుకే," అన్నాడు నాగప్ప.

నేను మోకు పట్టనని ఆమె ఒక్కమాట అంటే అతను చెట్టెక్కేవాడు కాదు. నిండు నెలల మనిషి కళ్లలో మెదిలి ఆమె రెండు మోకులూ తెచ్చి బండిలో వేసింది.

గద్వాలలో చెట్టెక్కేముందు సాలలోని వాళ్లందరినీ బయటికి పంపమన్నాడు నాగప్ప. రాజమౌళి, అతని భార్య రామేశ్వరమ్మ, కోడలు సావిత్రమ్మ వీధి అరుగు మీదికి వెళ్లారు. పని సాఫీగానే నడిచింది. కొమ్మ ముప్పాతిక తెగింది. మిగిలింది కోయడానికి నాగప్ప పక్కపంగ మీదికి జరుగుతూ, "నడుం మోకు జర ఇడువు," అని కేకేశాడు. ఈదమ్మ వదులు చేసింది.

అంతలో రంపపు పొట్టు కప్పు సందుల్లోంచి మగ్గం మీద రాలుతోందని రాజమౌళికి గుర్తొచ్చింది. సగం నేసిన చీర, పట్టు అంచు పాడవుతుందని దుప్పటి తీసుకుని సాలలోకి పరుగెత్తాడు. రెండో కొన పట్టుకోవడానికి కోడలు వెనకే వెళ్లింది. చెట్టు మొదట్లో ఉన్న ఈదమ్మకు వాళ్లు గుమ్మం దాటాక గాని కనిపించలేదు.

ఆమె నోరు తెరిచేలోపే పైన టక్కుమంది. రంపం జారి కింద పడింది. మిగిలిన పావూ బరువుకు తనంత తానే చిట్లి కొమ్మ విరిగింది. మోకు ఒక్కసారిగా బిగిసి ఈదమ్మను చెట్టుకేసి ఈడ్చింది. రాత్రి కురిసిన వాన తడికి బెరడు జారుడుగా ఉంది. చుట్లు నిలవడం లేదు. రెండు చేతులా పట్టి, కాళ్లు వేరుకు తన్ని ఆపింది. కొమ్మ సాల కప్పుకు రెండు మూరల ఎత్తున ఊగుతోంది.

"బయటికి రాండ్రి! బయటికి రాండ్రి!" అని అరిచింది.

పైన నాగప్ప ఎడమచేత్తో పంగను పట్టి వేలాడుతున్నాడు. కుడిచేయి పక్కన చచ్చుగా వేలాడుతోంది. అతని నడుం మోకు ఆమె పాదాల దగ్గరే వదులుగా పడి ఉంది. వంగి దాన్ని గుంజితే అతను అక్కడే నిలుస్తాడు. వంగాలంటే చేతిలోని మోకు వదలాలి.

"ఇడువకు ఈదీ!" అన్నాడు పైనుంచి. ఏ మోకు సంగతో చెప్పలేదు.

కోడలి చేయి పట్టుకుని రాజమౌళి గుమ్మం దాటేటప్పటికి ఈదమ్మ అరచేతుల్లోంచి నెత్తురు కారుతోంది. వాళ్లు దాటారని చూసి ఆమె మోకు వదిలేసింది. కొమ్మ సాల కప్పును చీల్చుకుంటూ పడింది. ఆమె వంగి రెండో మోకు అందుకునేలోగా నాగప్ప కూడా పడిపోయాడు. వదులుగా ఉన్న మోకు బిగిసేలోగానే నడుము పెరటిగోడ అంచుకు తగిలింది.

దవాఖానలో డాక్టరు చూసి, నడుములో ఎముక చిట్లిందనీ, కాళ్లలోకి ఇక చలనం రాదనీ చెప్పాడు. అయిజ నుంచి భీమన్న కూడా వచ్చి చూశాడు. ఈదమ్మ అరచేతులకు మాత్రం కట్టు కట్టి వెళ్లిపోయాడు.

నాగప్ప పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. వీపు పుండ్లు పడకుండా ఆమె పూటకు నాలుగుసార్లు అతన్ని అటూ ఇటూ తిప్పేది. పుండ్లు పడ్డాక వేపాకు నీళ్లతో కడిగేది. మొదటి నెలలోనే ఒకరోజు ధైర్యం చేసి అడిగింది.

"నా మీద కోపమున్నదా మామా?"

"లోపట ఇద్దరు మనుషులు. కడుపుల ఇంకొకరు. నువ్వు ఇడిసిపెట్టి నన్ను కాపాడుకుంటె, రోజు నీ మొఖమెట్ల జూస్తుంటి?" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ఏడాది గడిపింది.

రెండో ఆషాఢంలో జ్వరం ముదిరింది. పుండ్లు కడుగుతుంటే నొప్పి ఆగక అతను గోడవైపు తిరిగి గొణిగాడు.

"ఒక్క చెయ్యన్న తీసి అందుకోకపోయినవా?"

ఈదమ్మ గుడ్డను నీళ్లలో ముంచి పిండింది. మళ్లీ కడగడం మొదలుపెట్టింది. తెల్లవారి అతనికి ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. జొన్నగటక కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని, "ఇయ్యాల్ల జర నయ్యముందే ఈదీ," అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు.

పెద్దకర్మ నాడు రామేశ్వరమ్మ మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. పిల్లవాడికి ఏడాది దాటింది, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్నాడు.

"ఒక్కదానివి ఈడ ఏం జేస్తవు చెల్లె? మా ఇంటికి రా. నూలు కండెలు చుట్టుకుంట మాతోని ఉందువు," అంది.

ఈదమ్మ తల అడ్డంగా ఊపింది. పుండ్లు కడిగేటప్పుడు అతనన్న, ఎవరికీ చెప్పని ఆ మాట రామేశ్వరమ్మకు చెప్పింది. అది నొప్పిలో వచ్చిన మాటేనని తనకు తెలుసనీ, అయినా అంతకు ముందు ఏడాదిగా అతను ఏమి ఆలోచిస్తూ పడుకున్నాడో ఇక తనకెప్పటికీ తెలియదనీ చెప్పింది.

"మేము ఆనాడు ఆ చీర కోసం లోపటికి పోకుంటె..." అని రామేశ్వరమ్మ మొదలుపెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లవాడు ఇద్దరి మధ్యా నిలబడి ఒకరి మొహం తరువాత ఒకరి మొహం చూశాడు.

పొద్దు వాలుతుండగా రామేశ్వరమ్మ బండి గద్వాల తోవ పట్టింది. చెలకలో జొన్న మూరెడు ఎత్తు లేచింది. కలుపు తీసే దిక్కులేక గడ్డి పైరును మింగేస్తోంది. మరునాడు ఎండ ఎక్కకముందే ఈదమ్మ కలుపు చెక్కే దోకుడుపార తీసుకుని ఒక్కతే చేనికి పోయింది.