ఖాలా పొగబెట్టిన గోధుమలు

ఈ పొద్దున బెల్ మోగితే తలుపు తీశాను. ఇక్కడ సస్కటూన్ యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల, మా పాత పక్కింటావిడ మనవరాలు, చేతిలో ప్యాకెట్‌తో నిలబడి ఉంది. "ఆంటీ, స్మెల్ దిస్. తేతా సేస్ ఇట్స్ ఫేక్!" అంటూ నా ముక్కు కింద పెట్టింది. వాళ్ల అరబ్బీలో తేతా అంటే అమ్మమ్మ. ప్యాకెట్‌లో ఉన్నది ఫ్రీకె, అంటే పచ్చి గోధుమ కంకుల్ని కాల్చి నులిమిన గింజలు. అట్టపెట్టె వాసన తప్ప ఇంకేమీ లేదు. కాల్గరీలో కూర్చున్న అమ్మమ్మకి వీడియో కాల్‌లో వాసనెలా తెలిసిందో ఆవిడకే తెలియాలి.

ఆ తేతా ఇక్కడ మా పక్కింట్లో ఉన్న రోజుల్లో నేను ఆవిడని ఖాలా, అంటే పిన్ని, అనేదాన్ని. కర్నూలులో ఎదురింటి సాయిబుల పిల్లలతో ఆడుకుంటూ నేర్చిన పిలుపు ఇంత దూరంలో పనికొచ్చింది. సిరియాలో కొండ కింది పల్లె ఆవిడది. వంటింట్లో ఎటు చూసినా గోధుమే. ఉడికించి ఎండబోసిన బుర్గుల్ రవ్వ ఒక డబ్బాలో, పెరుగుతో పులియబెట్టి ఎండబెట్టిన కిష్క్ పొడి ఇంకో డబ్బాలో. "బియ్యం చుట్టాలకి, గోధుమ ఇంటివాళ్లకి," అని తీసిపారేసేది. నాకు రోషం వచ్చి పులిహోర పట్టుకెళ్లాను. రెండు పళ్లేలు లాగించింది, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఓ వేసవిలో, అప్పుడే కెనడాకి వచ్చి కాల్గరీలో ఉంటున్న ఆవిడ కూతురు, పురిటికి అమ్మ దగ్గరికి బయల్దేరింది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని ఏళ్లయింది. ఫోన్‌లో కూతురిది ఒకటే కోరిక: ఊళ్లో పొలంలో కాల్చినట్టు పొగ వాసన కొట్టే ఫ్రీకె. "కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. ప్యాకెట్ గింజలు పెట్టమంటావా? గోధుమ ముదిరిపోతే నేనేం చేయను?" అని ఖాలా నా చెయ్యి పట్టుకుంది. చుట్టూ కనుచూపు మేరా గోధుమ చేలే, మాకు మాత్రం గుప్పెడు పచ్చి కంకులు లేవు. గింజ పాలుపోసుకుని గట్టిపడేలోగా నాలుగు రోజులే అదును. మావారికి తెలిసిన రైతుని బతిమాలితే చేను అంచున కోసుకోమన్నాడు. కాలుస్తామని మేం చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆయన ఇంటి ముందు కంకర మీద రేకు వేసి, కంకులు పరిచి ఖాలా నిప్పంటించింది. పొగ లేచిందో లేదో, రైతు "ఫైర్! ఫైర్!" అంటూ నీళ్ల పైపు ఈడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆ తాటిచెట్టంత మనిషికి పొట్టి ఖాలా చేతులు చాచి అడ్డం నిలబడింది. "నో వాటర్! బేబీ! బేబీ!" పాపం, మంటలో బిడ్డ ఉందనుకుని ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. "నో బేబీ! ఫుడ్! బేబీ కమింగ్!" అని అరిచి నేను ఇంకాస్త గందరగోళం చేశాను. చివరికి ఖాలా నల్లబడ్డ కంకిని అరచేతుల్లో నులిమి, పొట్టు ఊది, ఆయన చేతిలో పోసింది. నమిలాడు. పైపు వదిలేసి మళ్లీ చెయ్యి చాచాడు.

నేనూ నోట్లో వేసుకున్నాను. ఓరి దేవుడా, ఊచబియ్యం! లేత జొన్న కంకులు పిడకల నిప్పు మీద కాల్చి, మా నాయనమ్మ నులిమి పెట్టిన ఊచబియ్యమే! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. "మా ఊళ్లో బెల్లంతో తింటాం," అంటే ఖాలా మొహం చిట్లించింది. మర్నాడు తనే వచ్చి బెల్లం అడిగింది.

కూతురు వచ్చిన రోజున, కోడి పులుసులో ఉడికిన ఆ గింజల ఆవిరి పీల్చి కళ్లు మూసుకుంది. ఖాలా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత రైతు సంగతి చెబితే ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ ఆ పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. అప్పుడు పుట్టినదే, ఇప్పుడు నా గుమ్మంలో ప్యాకెట్ పట్టుకుని నిలబడ్డది.

"ఆంటీ, ఆ ఫార్మర్ ఇంకా ఉన్నాడా?" అంది.

ఈసారి బుద్ధిగా ముందే ఫోన్ చేశాను. నా గొంతు గుర్తుపట్టి ఆయన అడిగిందొకటే: "హౌ ఈజ్ ద బేబీ?"

"కారు తాళాలు తీసుకుని నా ఎదురుగా నిలబడి ఉంది," అన్నాను. ఆయన నవ్వి, గింజ ఇంకా పచ్చిగానే ఉంది, రమ్మన్నాడు. చెప్పులేసుకున్నాను. పిల్లలైనా, పైరైనా, మనం చూస్తుండగానే ముదిరిపోతాయి. పచ్చిగా ఉన్నప్పుడే వెళ్లాలి.