డమాస్కస్ కత్తికి అమ్మ పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నా కంటికి నచ్చే వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. చదువు ముగించి, మేముండే మరాఠీ ప్రాంతంలోనే ఆవర్‌పూర్ వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే విభాగంలో కొత్తగా చేరాను. పగలంతా తప్పులు వెతకడానికే జీతమిస్తుంటే, ఆ జబ్బు సాయంత్రం బస్సెక్కి నాతోపాటే తుకుం బస్తీలోని మా ఇంటికి వచ్చేది. అమ్మ చేసిన రొట్టె గుండ్రంగా లేదని అన్న రోజులున్నాయి (కడుపు మాడ్చుకుని పడుకున్న రోజులు కూడా అవే). అలాంటివాణ్ని, ఎన్నాళ్లుగానో మనసుపడి, ఆన్‌లైన్‌లో ఒక డమాస్కస్ ఉక్కు మడతకత్తి తెప్పించుకున్నాను. రెండు రకాల ఉక్కును కలిపి కాల్చి, కొట్టి, మడిచి చేస్తారట. అందుకే బ్లేడు నిండా నీటి అలల్లాంటి గీతలుంటాయి. నాదంటూ మచ్చలేని వస్తువు ఒక్కటైనా ఉండాలని నా ఆశ.

డబ్బా విప్పి భూతద్దం పెట్టగానే ప్రాణం ఉసూరుమంది. మడిస్తే బ్లేడు సరిగ్గా మధ్యలో కూర్చోవడం లేదు, వెంట్రుకవాసి ఎడమకు ఒరిగింది. ఒక పక్క అలలు చక్కగా ఉన్నాయి, రెండో పక్క వెలిసిపోయినట్టున్నాయి. చెక్క పిడి ఇత్తడిని కలిసేచోట సన్నని సందు! కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి "హ్యాండ్‌మేడ్ హై సర్, థోడా ఫరక్ తో రహేగా" అంది, చేత్తో చేసిందానికి కొంచెం తేడా ఉంటుందట. నేను వదిలితేనా? చివరికి నా పోరు పడలేక మార్చి ఇస్తామంది. దసరా మరునాడు మనిషి వచ్చి పట్టుకెళ్తాడు. షరతు ఒక్కటే, అప్పటిదాకా కత్తిని వాడకూడదు.

మా ఇంట్లో కత్తిని వాడకుండా కాపాడటం ఏమన్నా మాటలా! బొగ్గు గనిలో పనిచేసే మా బాపు జామకాయ చేతపట్టుకొచ్చి "ఏదీ, నీ కత్తి గిట్ల తే" అన్నాడు. అడ్డంపడ్డాను.

"ఏంది, కోస్తదా కొయ్యదా?"

"కోస్తది బాపూ. గానీ జర ఎడమకు ఒరిగింది."

"నా నడుము గూడ ఒరిగింది. డ్యూటీకి పోతలేనా?"

అంతలో అమ్మ వచ్చి బ్లేడు చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "గిదేంది బిడ్డా, కొత్తదానికి ఒళ్లంత మరకలు! పాత మాల్ అంటగట్టిండ్రు నీకు. తే, చింతపండు వెట్టి తోముత."

"అమ్మా, అవి మరకలు కావే, డిజైన్!"

"మరి నువ్వు దేనికి ఏడుస్తున్నవ్?"

"రెండో పక్క డిజైన్ తక్కువున్నది."

అమ్మ బాపు వైపు జాలిగా చూసింది. "నౌకరి దొరికినంక పోరడు ఖరాబైండు" అంది. వీళ్లతో లాభం లేదని కత్తిని డబ్బాలో పెట్టి, డబ్బాను అల్మారాలో పెట్టి, ముట్టుకుంటే ఊరుకోనని ఇద్దరికీ చెప్పాను.

దసరా రోజు నాకు డ్యూటీ పడింది. మా ఇంట్లో ఆ రోజు ఇనుమన్నదానికల్లా బొట్టు పడుతుంది. కొడవలి, బాపు పనిముట్లు, సైకిలు, గ్యాస్ పొయ్యి, ఆఖరికి మిక్సీ కూడా. సాయంత్రం ఇల్లు చేరి చూద్దును కదా, ఆ వరసలో అందరికంటే ముందు నా కత్తి! పొద్దున దానితోనే నిమ్మకాయ కోశారు. ఆ రసం మీదే కుంకుమ బొట్టు. పొద్దంతా అలాగే ఎండింది. తుడిస్తే కుంకుమ పోయింది, కింద అమ్మ వేలంత నల్లటి మచ్చ మిగిలింది.

"ముట్టొద్దన్న గదనే అమ్మా! సత్యనాశ్ చేసినవ్!"

"ఇంట్ల కొత్త ఇనుము వెట్టుకొని పూజ చెయ్యకపోతే ఎట్ల రా? రేపు నీ వేలు తెగితే?" అని, మచ్చను ఒకసారి చూసి, "ఒళ్లంత మరకలు డిజైనే అంటివి. గిదొక్కటి అండ్ల కలిసిపోదా?" అంది. గోడకు తల కొట్టుకోవడమొక్కటే తక్కువ.

మరునాడు కొరియర్ అతను వచ్చి, కత్తిని ఫోన్‌లోని బొమ్మతో పోల్చి చూశాడు. "దాగ్ హై భావు" అని మచ్చ మీద వేలు పెట్టాడు. అది వాడిన మచ్చ కాదు, పూజ మచ్చ అని బతిమాలాను. అతను చెప్పులు విడిచి కత్తికి భక్తిగా దండం పెట్టుకుని, తీసుకోకుండా వెళ్లిపోయాడు.

అలా అది నాకే మిగిలింది. జామకాయలు, మామిడికాయలు, కరెంటు తీగలు, అన్నీ కోసింది. నేను భూతద్దంతో లెక్కపెట్టిన వంకలు ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడవు. బొట్టు మచ్చ ఒక్కటే కనబడుతుంది. కానీ ఆనాటి అరుపు అమ్మకు ఎంత బాగా గుర్తుందంటే, ప్రతి దసరాకు అన్నిటికీ బొట్టు పెడుతూ వచ్చి, నా కత్తి దగ్గర చెయ్యి ఆపి దాటిపోతుంది. "దానికొద్దు, వాడు లొల్లి జేస్తడు" అంటుంది. ఏళ్ల తరబడి అదే తంతు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది.

మొన్న దసరాకు ఇక ఉండబట్టలేక నేనే వేలు కుంకుమలో ముంచి, సరిగ్గా ఆ పాత మచ్చ మీదే బొట్టు పెట్టాను. అమ్మ కత్తిని చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"జర ఎడమకు పోయింది రా" అంది.