రొయ్యలు తిన్న వేలిముద్రలు

మా ఊళ్ళో రొయ్యల ఫ్యాక్టరీ పెట్టడానికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజున, పెట్టి తీరాలి అని గట్టిగా మాట్లాడినవాళ్ళలో నేనొకణ్ణి. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. రాజోలు దాటాక మా వైపు వరిచేలు అప్పటికే చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. నాట్లు లేవు, కోతలు లేవు. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు పనిలేక ఇళ్ళలో కూర్చున్నారు. బోరు నీళ్ళు ఉప్పు తేలుతున్నాయని, కొబ్బరిచెట్లు మొవ్వు వాడిపోతున్నాయని కొందరు రైతులు లేచి చెప్పారు. "చెరువులు తవ్వుకున్నది మీరే. ఆ రొయ్య మీద కూలీ ఆడవాళ్ళు కూడా నాలుగు మెతుకులు తింటే మీకేం కష్టం?" అని అడిగాను. జనం చప్పట్లు కొట్టారు. నాకు బాగానే ఉంది.

ఫ్యాక్టరీ బస్సు ఎక్కిన మొదటి జట్టులో మా వీధి చివరింటి కోడలు ఉంది. ఈ ఊరి పిల్లే. చిన్నప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివింది. అక్కడ ఆమె పని రొయ్య వలవడం. ఐసులోంచి రొయ్యను తీసి, తల తుంచి, పొట్టు ఊడదీసి ట్రేలో వెయ్యాలి. మధ్యమధ్యలో క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచాలి. గ్లవుజులు ఇస్తారు. అవి వేసుకుంటే రొయ్య జారిపోతుంది, ట్రే నిండదు. సూపర్‌వైజరు ట్రే చూస్తాడు గాని చేతులు చూడడు. అందుకని అందరూ గ్లవుజుల కొసలు కత్తిరించేసి, వేళ్ళు బయటపెట్టుకుని పనిచేస్తారు. వేలికి పట్టు దొరికే గ్లవుజు తయారుచెయ్యడం శాస్త్రానికి చేతకాని పని కాదు. దాని మీద ఖర్చు పెట్టాలని ఏ యజమానికీ అనిపించలేదు, అంతే. నాలుగేళ్ళకు ఆమె వేళ్ళ కొసలు గోళీకాయల్లా నున్నబడ్డాయి.

ఆమె అక్క కువైట్‌లో ఖద్దామా. అక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళని మా వైపు అలాగే అంటారు. తన యజమాని తమ్ముడింట్లో ఇంకో మనిషి కావాలంటే, అక్క ఈమెకు వీసా మాట్లాడింది. వెళ్ళేముందు హైదరాబాదులో పది వేళ్ళూ వేలిముద్రల మిషన్ మీద పెట్టాలి. పెట్టింది. రెండు పడ్డాయి. నలభై రోజులాగి మళ్ళీ రమ్మన్నారు. అదే ఆఖరుసారి అని ఏజెంటు చెప్పాడు.

వాళ్ళ అత్తగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి సలహా అడిగింది. నిజానికి సలహా ఆవిడ దగ్గరే సిద్ధంగా ఉంది.

"అమ్మవారికి వెండి వేళ్ళు చేయిస్తామని మొక్కుకుంటే వచ్చేస్తాయండి మాస్టారూ. మా ఆడపడుచు వెండి కన్ను ఇచ్చేకే చూపొచ్చిందండి."

"ఆవిడ కాకినాడ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది కదమ్మా?"

"ఆయ్. అమ్మవారే పంపిందండి."

ఇటువంటి వాదనలతోనే నా జీవితం గడిచింది. కాబట్టి ఊరుకోలేదు. అరిగింది పైచర్మం మాత్రమేనని, గీతల అచ్చు దాని కింద పొరలో ఉంటుందని, నెలా పదిరోజులు ఐసుకీ క్లోరిన్‌కీ దూరంగా ఉంటే వాటంతటవే పైకి వస్తాయని చెప్పాను. పని మానేసి కొబ్బరినూనె రాసుకోమన్నాను. మొక్కు అక్కర్లేదన్నాను.

"మానేస్తే పన్లోంచి తీసేస్తారేమోనండి," అంది కోడలు.

"కువైట్ వెళ్ళేదానివి. తీసేస్తే నీకేం?"

ఆమె అత్తగారి మాట తోసేసి నా మాట విని, పని మానేసింది.

వేళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి రేషన్ డిపోలో మిషన్ ఉండనే ఉంది. పదో రోజున పెట్టిస్తే పడలేదు. "ఇది బియ్యం ఇచ్చే మిషనండి మాస్టారూ, ప్రాక్టికల్స్ చేయించేది కాదు," అని డీలరు విసుక్కున్నాడు. ఇరవయ్యో రోజున మళ్ళీ తీసుకెళ్ళాను. మూడోసారి నొక్కగానే పచ్చలైటు వెలిగింది.

"పడిందండోయ్," అన్నాడు డీలరు.

సంచులు పట్టుకుని వరసలో నిలబడ్డ జనానికి నేను అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చాను. మొక్కు లేదు, ముడుపు లేదు, కళ్ళారా చూడండి అన్నాను. ఆమె తన బొటనవేలు వైపే చూసుకుంటోంది.

"అయితే ఇంక భయం లేదాండీ?"

"లేదు. నీ వేళ్ళు నీకు వచ్చేశాయి."

నలభయ్యో రోజు దాటాక రావులపాలెం వెళ్ళి హైదరాబాదు బస్సెక్కింది. రెండు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. ఈసారి కుడిచేతి వేళ్ళలో ఒక్కటీ పడలేదు. ఏజెంటు కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు.

మొక్కు వద్దన్నందుకే అమ్మవారు కన్నెర్రజేసిందని ఊళ్ళో చెప్పుకున్నారు. నేను నా వాదన సిద్ధం చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు లేదు. కోడలు నాకు కుర్చీ వేసి తను గుమ్మంలో కూర్చుంది.

"మీ తప్పేం లేదండి మాస్టారూ. నేనే వలిచేనండి."

"ఏం వలిచావు?"

"రొయ్యలేనండి. చెరువు గట్టు మీద షెడ్డులో. ఫ్యాక్టరీవాళ్ళు వద్దన్న సరుకు అక్కడికి తెస్తారు కదండీ. పదిహేను రోజులు వలిచేను. రొయ్య చచ్చిపోయి, మా ఆయనకి చెరువు కాపలా పోయింది. అత్తయ్యగారి బీపీ మాత్రలు కూడా అయిపోయేయి."

"ఇరవై రోజులు ఆగినదానివి, ఇంకో ఇరవై ఆగలేకపోయావా?"

"వచ్చేసేయి, భయం లేదన్నారు కదండీ మీరు."

షెడ్డు సంగతి ఇంట్లో తెలుసా అని అడిగాను. భర్తకు తప్ప ఎవరికీ తెలియదంది.

"అక్కకి తెలిస్తే, ఇంత కష్టపడి వీసా మాట్లాడితే నెల్లాళ్ళు చేతులు కట్టుకు కూర్చోలేకపోయేవా అంటుందండి. మొక్కుకోకపోడం వల్లే పోయిందని అత్తయ్యగారు ఫోన్లో చెప్పేసేరు. అయితే ఇప్పుడు మొక్కుకో, ఇంకోసారి అడిగి చూస్తానంది అక్క. అలాగే ఉండనివ్వండి మాస్టారూ. మీరు కల్పించుకోకండి."

కల్పించుకోలేదు. టీకొట్టు దగ్గర, "ఏం మాస్టారూ, మీ సైన్సు రావులపాలెం దాటలేదాండీ?" అని అడిగారు. నవ్వారు. టీ తాగి వచ్చేశాను. చర్మం గురించి నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో ఏం తింటారని మాత్రం నేను అడగలేదు. ఫ్యాక్టరీ రావాలని వాదించిన రోజున కూడా, అక్కడ పని ఎలా చేయిస్తారని నేను అడగలేదు.

రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసింది. యజమాని తమ్ముడింట్లోకి కె.గంగవరం వైపు అమ్మాయి వచ్చేసిందట. తన యజమానిని ఇంక అడగలేనంది. దాచవలసింది ఇంకేమీ లేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. రాయమని ఆ కోడలే అంది.

ఆ వారంలోనే ఆమె తెల్లకాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఫ్యాక్టరీలో మళ్ళీ చేర్చుకోవాలంటే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో రాసి ఇమ్మన్నారట.

"వేళ్ళు అరిగిపోయి మానేశానని రాద్దామా?" అన్నాను.

"అలా రాస్తే గేటు కూడా దాటనివ్వరండి. టైఫాయిడ్ అని రాయండి."

టైఫాయిడ్ అని రాశాను. ఆమె కాగితం తీసుకుని, మెల్లగా పెదాలు కదుపుతూ ఆఖరిదాకా చదివింది.

"ఇంకో ముక్క రాయండి మాస్టారూ. ఇకమీదట సెలవు అడగనని."

"అది వాళ్ళు అడగలేదు కదమ్మా."

"అడక్కముందే రాసేస్తే తీసుకుంటారండి."

రాశాను. ఆమె దాని కింద సంతకం పెట్టింది.