బాబా తాగని కాఫీ

ప్రెసిడెంటు గారి వరండాలో నా ముందు స్టీలు గ్లాసులో టీ చల్లారుతోంది. వాళ్ళావిడ ఇవాళ యాలకులు కాస్త ఎక్కువే దంచి వేసినట్టున్నారు. ఆ వాసన తగిలేసరికి ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్లూ, వాటి వెనక గోదావరి పాయా పక్కకు తప్పుకున్నాయి. వాటి స్థానంలో ఎర్ర తివాచీ పరిచిన ఒక పొడవాటి హాలు వచ్చి కూర్చుంది. నేను కోతలు కోస్తానని మా ఊళ్ళో పేరుంది. అది కష్టపడి సంపాదించుకున్న పేరే, కాదనను. గల్ఫ్ నుంచి వచ్చిన కొత్తలో ఒక ఒంటె నాతో తెలుగులో మాట్లాడిందని చెప్పి నలుగురిని నమ్మించినవాణ్ణి. అయితే బాబా గురించి చెప్పేటప్పుడు మాత్రం నాకు కోతలతో పని పడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా జనం నమ్మరు కదా, ఇంక పెంచి ఏం లాభం?

తొంభైల మధ్యలో నేను ఖతర్‌లో ఇంటి డ్రైవరుగా పనిచేశాను. అక్కడ ఇళ్ళలో పనిచేసేవాళ్ళం యజమానిని బాబా అనే పిలుస్తాం. మా బాబాను ఊరంతా మాత్రం బూ ముబారక్ అనేది, అంటే ముబారక్ వాళ్ళ నాన్న అని. ఎనభైకి దగ్గర పడిన మనిషి. కుర్రతనంలో తండ్రితో ముత్యాల పడవ ఎక్కి, నీళ్ళలో మునిగీ మునిగీ ఒక చెవికి వినికిడి పోగొట్టుకున్నాడు. కాఫీ అంటే ప్రాణం. పంచదార వేయని, యాలకులు దంచి వేసిన లేత రంగు కాఫీ. దాన్ని ఫింజాన్‌లో పోసుకుని తాగుతారు. పిడికిట్లో దాగిపోయేంత చిన్న కప్పు అది, పట్టుకోడానికి చెవి కూడా ఉండదు. నేను పొద్దున్నే కారు తుడిచేలోగా బాబా అలాంటివి ఎన్ని పూర్తి చేసేవాడో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు.

వాళ్ళది అల్ ఖోర్ దాటి, మదీనత్ అల్ షమాల్ వెళ్ళే వైపు సముద్రపుటొడ్డున ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి జాలరులకు తాతలనాటి ఉమ్మడి రేవు ఒకటి ఉండేది. ఉత్తరాన గ్యాసు పనులు మొదలయ్యాక ఏదో కంపెనీ ఆ రేవును తన పడవలకు వాడుకుంటూ ఏటా అద్దె కట్టేది. ఆ సొమ్ము ఊరందరిదీ. ఊరిపెద్ద దగ్గర కూడుతూ వచ్చింది. కూడేకొద్దీ జనానికి దాన్ని చూస్తే చెయ్యి దురద పుట్టింది. అంతా పంచేస్తే ఇంటికో కొత్త బండి వస్తుందని లెక్క తేల్చారు. ఊరిపెద్దకూ ఆ ఆలోచన నచ్చింది. నిజం చెప్పొద్దూ, కొత్త బండి తోలేది నేనే కాబట్టి నాకు ఇంకా బాగా నచ్చింది. నచ్చనివాడు ఊరు మొత్తమ్మీద మా బాబా ఒక్కడే.

ప్రతి శుక్రవారం ఊరిపెద్ద ఇంట్లో మజ్లిస్ జరిగేది. గోడల వెంబడి దిళ్ళకు ఆనుకుని ఊరి మగవాళ్ళందరూ కూర్చుంటారు. డ్రైవర్లం కూడా గుమ్మం పక్కన కూర్చోవచ్చు. ఆ ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఓబులేసు ఎడమచేత్తో కూజా, కుడిచేత్తో దొంతరగా ఫింజాన్లు పట్టుకుని వరసాగ్గా పోసుకుంటూ పోతాడు. తాగినవాళ్ళు ఖాళీ కప్పు తిరిగి ఇస్తే అందులోనే తర్వాతి మనిషికి పోస్తాడు. వారాల తరబడి నేనొక వింత గమనించాను. కాఫీ అంటే ప్రాణం పెట్టే మా బాబా ఆ ఇంట్లో మాత్రం కప్పు అందుకుని తివాచీ మీద పెట్టేసేవాడు. ముట్టేవాడు కాదు. అడిగేవాడూ లేడు. ఊరిపెద్ద చూపు హాలంతా తిరిగేది గానీ, బాబా దగ్గరికొచ్చేసరికి ఎగిరి అవతలి మనిషి మీద వాలేది.

ఒక శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజుకు అందరూ లేచి మసీదుకు వెళ్ళారు. హాల్లో నేనూ, బాబా కప్పూ మిగిలాం. గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి, పోసిన కాఫీ పారబోయడం చూడలేను. ఒక్క గుక్కలో తాగేశాను. తిరిగొచ్చిన ఊరిపెద్ద చూపు మొదటిసారి ఆ కప్పు మీద ఆగింది. ఖాళీగా ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. "అల్‌హందులిల్లా! బూ ముబారక్ తాగేశాడు!" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. "అయితే వచ్చే శుక్రవారమే పంపకం" అని అప్పటికప్పుడు చెప్పేశాడు.

ఏం జరిగిందో నాకు తెలియలేదు. ఓబులేసు నన్ను పెరట్లోకి లాక్కుపోయాడు.

"యోవ్ సత్తిబాబూ, ఎంత పని చేసినావు రా! ఆ కప్పు ఎవరన్నా తాగుతారా?"

"చల్లారిపోతోంది కదన్నా. ఆయ్, నేనేం విషం తాగానా?"

"అట్ల కాదబ్బీ. ఈళ్ళల్లో మనిషి కాఫీ తాగకుండా కింద పెట్టినాడంటే, నిన్నొకటి అడగల్ల అని. ఇంటాయన చూసినాడంటే ఏం కావాలని అడగాల్సిందే. అడిగినాడంటే మాట తీర్చాల్సిందే. తాగేసినాడంటే ఇంక అడిగేదేం లేదని లెక్క. అందుకే కదా మా ఇంటాయన ఇన్ని వారాలు గోడలు చూస్తా కూచున్యాడు! నువ్వొచ్చి గుటుక్కున మింగితివి."

కారులో బాబా వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వచ్చే విమానానికే నన్ను ఎక్కించేస్తాడని తేలిపోయింది. సగం దారిలో భుజాలు కదలడం అద్దంలో కనిపించింది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"రుచిగా ఉందా?" అన్నాడు.

"చల్లగా ఉంది బాబా."

"ఇన్ని వారాలుగా నేను తాగాలనుకున్న కాఫీ అది!" అని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు ఆపి, "వారమే ఉంది. యల్లా, ఇంటికి కాదు, బండి వెనక్కి తిప్పు" అన్నాడు.

ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ వాళ్ళిచ్చిన కాఫీ హాయిగా తాగాడు. పంచొద్దని ఒక్క ఇంట్లోనూ అనలేదు. కొత్త బండ్ల ఊసే ఎత్తలేదు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళ పక్కన కూర్చుని, "మీ తమ్ముడు పోయింది ముత్యాలు ఆగిపోయిన ఏడా, ఆ మరుసటి ఏడా?" అని అడిగేవాడు. అంతే. ముత్యాలు అమ్ముడుపోవడం ఆగిపోయి ఊళ్ళకు ఊళ్ళు పస్తులున్న కాలం అది. ఎదుటి మనిషి తడుముకుంటూ చెప్పడం మొదలుపెట్టేవాడు. తమ్ముడి పేరు, ఒక్క ఎండు ఖర్జూరాన్ని ఎంతమంది పంచుకున్నదీ, అమ్మ ఏం అమ్ముకున్నదీ. కొత్త బండి కోసం ఎదురుచూస్తున్న మనవలు టీవీ కట్టేసి వినేవారు. వాళ్ళు ఆ మాటలు వినడం అదే మొదటిసారని మొహాలే చెప్పేవి. బాబా మెల్లగా లేచి బయటికి వచ్చేసేవాడు. ఇదంతా నేను వాకిట్లోంచి చూసేవాణ్ణి.

నా వంతు నేనూ చేశాను. బాబా లోపల ఉన్నంతసేపూ బయట డ్రైవర్లకు నా ధోరణిలో చెప్పాను. బాబా వదిలిన కప్పు మీద ఈగ వాలదనీ, అందులో కాఫీ ఎన్నాళ్ళయినా ఆరదనీ. డ్రైవర్లు వంటవాళ్ళకు చెప్పారు, వంటవాళ్ళు ఇంటి ఆడవాళ్ళకు చెప్పారు. గురువారం పనిమీద దోహాలోని అల్ మన్సూరా పేటకు వెళ్తే, టీ కొట్టు దగ్గర నిజామాబాద్ డ్రైవరొకడు నన్నే ఆపి చెప్పాడు. "అన్నా, నీకెర్కనా? ఆడెవరో ముసలాయన కాఫీ ముట్టలేదంట, గ్యాసు బావిల మంట ఆరిపోయిందంట!" నా కోత నన్ను మించి పెరిగినందుకు నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

శుక్రవారం వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. ఓబులేసు మొదటి కప్పు బాబాకు ఇచ్చాడు. బాబా దాన్ని తివాచీ మీద పెట్టాడు. పక్కనున్న పడవల మేస్త్రీ తన కప్పు అందుకున్నాడు, ఒక క్షణం చూశాడు, కింద పెట్టాడు. ఆ పక్కవాడూ పెట్టాడు. ఆ తర్వాతివాడూ. తివాచీ మీద పింగాణీ ఆనిన మెత్తని చప్పుడు గోడ వెంబడి నడుచుకుంటూ వచ్చింది. కప్పుల మీద సన్నగా ఆవిరి లేస్తోంది. మామూలుగా తిరిగి రావలసిన కప్పులు ఒక్కటీ రాలేదు. ఓబులేసు చేతిలో దొంతర తరిగి తరిగి, ఆఖరున కాఫీ పోయించుకోవలసిన ఊరిపెద్ద ముందుకు వచ్చేసరికి చెయ్యి ఖాళీ అయింది.

"నా ఫింజాన్ ఏది?" అన్నాడు ఊరిపెద్ద.

"మాఫీ, బాబా" అన్నాడు ఓబులేసు. లేదని.

అప్పుడు చూశాడు ఊరిపెద్ద. ఇక ఏ వైపు చూపు తిప్పుకున్నా నిండు కప్పులే. కప్పుల మీద ఆవిరి ఆగిపోయాక, "బూ ముబారక్, నీ కాఫీ చల్లారిపోయింది. ఏం కావాలో చెప్పు" అన్నాడు.

బాబా గొంతు పెంచలేదు. "సముద్రంలో ముత్యాలు అయిపోతాయని మా నాన్న అనుకోలేదు. అయిపోలేదు కూడా. కొనేవాళ్ళు అయిపోయారు. ఈ కంపెనీ కూడా ఒకనాడు పడవలు విప్పుకుని పోతుంది. ఆ రోజున ఈ రేవులో నిలబడేవాళ్ళు ఇంకా పుట్టలేదు, అందుకే వాళ్ళ తరఫున నేను వచ్చాను. అసలు సొమ్ము అలాగే ఉంచండి, ముట్టుకోవద్దు. దాని మీద వచ్చేదాంతో పడవలు బాగు చేయించండి, దిక్కులేని ఇళ్ళకు ఇవ్వండి. ఇంకొకటి. ఎంత ఉందో ఏటా ఇదే హాల్లో చదివి వినిపించాలి. నాకు ఒక చెవి లేదు. కాబట్టి గుమ్మం దగ్గర కూర్చున్న డ్రైవర్లకు కూడా వినబడేంత గట్టిగా చదవాలి."

ఊరిపెద్ద తల వంచుకున్నాడు. ఎత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన తమ్ముడూ ఆ పస్తుల ఏళ్ళలోనే పోయాడని ఓబులేసు నాకు తర్వాత చెప్పాడు. "అబ్షిర్" అన్నాడు ఊరిపెద్ద. నువ్వు అడిగింది అయినట్టే అని దానర్థం. "తాగు."

బాబా ఆ చల్లని కాఫీ తాగాడు. వెంటనే గోడ పొడుగునా కప్పులు లేచాయి. ఆ సొమ్ములో నాకు పైసా వాటా లేదు, కలగన్న కొత్త బండి కూడా పోయింది. అయినా గుమ్మం పక్కన కూర్చుని కళ్ళొత్తుకున్నాను. నేనున్నన్నాళ్ళూ ఏటా ఆ లెక్క చదివేవారు. చదివేవాడు మొదట గుమ్మం వైపు చూసి, వినబడుతోందా అని మమ్మల్ని అడిగేవాడు.

ఇక్కడ గోదావరిలో మా ఊరికీ ఉమ్మడి లంక ఒకటుంది. దాని మీద ఏటా కౌలు వస్తుంది. కూడబెట్టిన ఆ సొమ్మంతా పోసి ఊరి మొదట్లో పెద్ద స్వాగత ద్వారం కట్టించాలని ప్రెసిడెంటు గారికి కోరిక పుట్టింది. ఈ వారమంతా నేను ఇల్లిల్లూ తిరిగాను. వెనకటి వరదలో ఎవరి ఇంట్లో ఏం పోయిందని మాత్రమే అడిగాను. మధ్యలో బాబా కాఫీ కథ చెప్పాను. ఒకరిద్దరు నవ్వి, ఒంటె సంగతేమైందండీ అన్నారు. ఆ ద్వారం మాట తేల్చడానికి ఇవాళ ప్రెసిడెంటు గారు ఊరందర్నీ ఇంటికి పిలిచారు.

"తాగండి సత్తిబాబు గారూ, చల్లారిపోతోంది" అంటున్నారు ప్రెసిడెంటు గారు, నా గ్లాసు వైపు చూడకుండా.

నా పక్కన కూర్చున్న సూరమ్మ, మొన్న నాకు వరద సంగతి చెప్పినావిడే, తన గ్లాసు అందుకుంది, నా వైపు ఒకసారి చూసి అరుగు మీద పెట్టేసింది. ఆ పక్కన ఇంకో గ్లాసు చప్పుడైంది. వీధి గేటు తీస్తూ ఎవరో వస్తున్నారు. వంటింట్లోంచి ప్రెసిడెంటు గారి ఆవిడ కేకేశారు.

"ఏవండీ, తాగేసిన గ్లాసులు ఇటు పంపండి. లోపల ఒక్కటీ లేదు, జనం ఇంకా వస్తున్నారు!"