ఘనం చేసే మూత

వసుమతి కుడిచేతిలో సూది తీసేసిన సిరంజి ఉంది. ఎడమచేత్తో గిన్నె అంచుని పాతగుడ్డతో పట్టుకుని, వట్టివేరు నూనెని చుక్కచుక్కగా కరిగిన మైనంలోకి వదులుతోంది. కింద పెద్ద గిన్నెలో నీళ్ళు సన్నగా కాగుతున్నాయి. అందులో కూర్చోబెట్టిన చిన్నగిన్నెలో సోయా మైనం కరిగిన నేతిలా తేటగా ఉంది. నాలుగో చుక్క పడ్డాక చెయ్యి ఆపింది. పొగడ నూనె అంతకుముందే కలిపింది. వెదురుపుల్ల తీసుకుని, బుడగలు లేవకుండా, ఒకే వైపుకి తిప్పుతూ మనసులో రెండువందలు లెక్కపెట్టింది.

లెక్క పూర్తయ్యేసరికి రేకుల షెడ్డులో ఎండ కాస్త మెత్తబడినట్టనిపించింది. రోడ్డు మీద సున్నపురాయి లారీల మోత ఎక్కడో పక్క ఊళ్ళో వినిపిస్తున్నట్టుంది.

లోపలి గదిలోంచి అత్తగారు పున్నమ్మ అది ఎన్నోదని అడిగింది. పదకొండోది అంది వసుమతి. పదోది సబ్బుపెట్టె కంపు కొట్టిందనీ, ఇదైనా మనుషులు పీల్చేలా చెయ్యమనీ పున్నమ్మ పడుకునే సలహా ఇచ్చింది.

జగ్గయ్యపేటలో వసుమతి కొవ్వొత్తులు పోయడం మొదలుపెట్టింది తొంభై రెండులో. విజయవాడలో ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు ఒక అల్యూమినియం అచ్చు కొనుక్కొచ్చింది. నేర్పినవాళ్ళు లేరు. మొదటి వాయి అచ్చుకి అంటుకుపోయింది. రెండో వాయికి లోపల నూనె రాసింది. మూడో వాయిలో వత్తి వంకర పోతే, వత్తిని పైనుంచి లాగి కట్టే చిన్న చువ్వ తనే అమర్చుకుంది. ఆ రోజుల్లో కరెంటు సాయంత్రమయ్యేసరికి పోయేది. పోగానే వీధి పొడుగునా కిటికీల్లో ఒక్కొక్కటిగా తన కొవ్వొత్తులే వెలుగుతుంటే, గుమ్మంలో నిలబడి చూసేది. ఆ చూడటం గురించి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత చార్జింగ్ లైట్లొచ్చాయి. రెండువేల ఆరు నాటికి వసుమతి తెల్ల కొవ్వొత్తులు క్రిస్మస్‌కి చర్చివాళ్ళు తప్ప అడిగేవాళ్ళు లేరు. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే భర్త ఆమెని పని మానమనలేదు. పత్తి మిల్లు మేస్త్రీతో మాట్లాడానని మాత్రం చెప్పాడు. ఈ దీపావళి దాకా చూస్తానంది వసుమతి. అప్పటికీ ఏమీ కాకపోతే అచ్చులు అమ్మేసి, షెడ్డుకి తాళం వేసి, మిల్లుకి వెళ్ళాలి. అది రెండువేల ఏడు.

ఆ సంవత్సరమే నందిగామ నుంచి అమూల్య వచ్చింది. కోర్టు వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. విజయవాడలో కానుకల కొట్టు పెట్టి రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. ఒక బస్తా సోయా మైనం, నూటపది డిగ్రీల దాకా చూపించే గాజు థర్మామీటరు తెచ్చి షెడ్డులో పెట్టింది. దీపావళికి అరవై గ్లాసులు కావాలంది. టీకొట్టు గాజు గ్లాసుల్లో పోసినవి, వెలిగిస్తే గదంతా పరిమళించాలి. ఎలాంటి పరిమళం అని వసుమతి అడిగితే అమూల్య చాలాసేపు ఆలోచించి, మధ్యాహ్నం నిద్రపట్టే ముందు ఒక క్షణం ఎక్కడున్నామో తెలియకుండా పోతుంది చూడండి, అలాంటిది అంది. కుదరకపోతే పుణే నుంచి తెప్పించుకుంటానని కూడా దాచకుండా చెప్పింది.

కొలతలు చెప్పి ఉంటే వసుమతికి సుఖంగా ఉండేది. అయినా పని పట్టింది. వంద గ్రాముల మైనానికి ఆరు గ్రాముల నూనె మించకూడదని మొదటి వారంలోనే తేల్చుకుంది. మించితే మైనం చెమట పట్టినట్టు పైకి నూనె కక్కేది. మైనం మరీ వేడిగా ఉండగా కలిపితే పరిమళం సగం అప్పుడే ఎగిరిపోయేది. చల్లారాక కలిపితే సరిగా కలవక అడుక్కి దిగేది. పోసిన గ్లాసుని రెండు వారాలు కదపకుండా ఉంచితేగాని అసలు వాసన బయటపడదని అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది.

వాసన చూడటానికి కూడా ఒక పద్ధతి పెట్టుకుంది. వత్తి వెలిగించి, తలుపు దగ్గరగా వేసి, తను వీధిలోకి వెళ్ళిపోయేది. సందు చివర మిర్చి ఆరబోసిన కళ్ళం దాకా నడిచి, తుమ్మి, వెనక్కి వచ్చేది. గుమ్మంలో అడుగు పెట్టగానే మొదట ఏది తగిలితే అదే నిజం. లోపల కూర్చుంటే ముక్కు అలవాటు పడి అబద్ధం చెబుతుంది.

ఎప్పుడూ లోపలే ఉండే పున్నమ్మ రెండో సాక్షి. ఆవిడ బాగుంది, బాగాలేదు అనేది కాదు. ఒకటో దానికి పెళ్ళివారి ట్రంకుపెట్టె అంది. ఆరోది కొత్త పుస్తకాలిచ్చే బడి. తొమ్మిదోది డాక్టరుగారి వరండా. వసుమతి నోటుపుస్తకంలో అంకె పక్కన ఆ పేర్లే రాసుకునేది.

పదకొండోది రెండు వారాలు ఆగాక వెలిగించింది. కళ్ళం దాకా వెళ్ళి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయింది. ముందు పొగడపూల తీపి తగిలింది. తడబడకుండా దాని వెనకే వట్టివేరు చల్లదనం వచ్చింది. అన్నిటికన్నా కింద మైనంది సన్నటి పచ్చివాసన, తడిసిన ఇసక లాగా. మంచం మీద పున్నమ్మ నిద్రపోతోంది. వసుమతి అలికిడికి కళ్ళు తెరిచి, కాసేపు రేకుల వైపు చూసి, "చెలమ తవ్వుతున్నా," అంది.

ఆవిడ పుట్టిల్లు పెనుగంచిప్రోలు. ఎండాకాలం మున్నేరు ఇంకిపోతే ఇసకలో చెలమ తవ్వేవాళ్ళు. మోకాలి లోతున నీళ్ళు ఊరుతుంటే అడుగు తేటపడేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో కడవలోకి ముంచుకునేవాళ్ళు. కడవలో వట్టివేరు కట్ట వేసేవాళ్ళు. ఒడ్డున పొగడచెట్టు ఉండేదో లేదో ఆవిడకి గుర్తు లేదు. ఉండే ఉంటుందంది. వసుమతి పుస్తకంలో పదకొండు పక్కన ‘చెలమ’ అని రాసి, కింద గీత గీసింది.

వెలుగుతున్న గ్లాసు మీద ఇత్తడి గిన్నె బోర్లించింది. ఆ ఇంట్లో దీపాన్ని నోటితో ఊదరు. దానంతట అది పోతే కొండెక్కింది అంటారు. మనమే తీసేస్తే ఘనం చేశామంటారు. కాపురానికి వచ్చిన వారంలో పున్నమ్మ నేర్పిన మొదటి పని అది. నూనె దీపమైనా, కిరసనాయిలు బుడ్డయినా, తను పోసిన కొవ్వొత్తయినా, పక్కనే ఉన్న ఆ ఇత్తడి గిన్నె బోర్లించడమే. కాసేపయ్యాక గిన్నె తీస్తే లోపల వాసన చిక్కగా నిలిచి ఉంటుంది. వసుమతి గిన్నెలో ముఖం పెట్టి మరోసారి పీల్చి చూసేది.

మూడు గ్లాసులు నందిగామ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించింది. నాలుగో రోజు అమూల్య పక్కింటికి ఫోన్ చేసింది. వాసన అచ్చం తను అనుకున్నట్టే ఉందట. చివర్లో మాత్రం కంపు కొడుతోందట.

చివర అంటే గ్లాసు అడుగు అనుకుంది వసుమతి. బరువైన నూనె అడుక్కి దిగి మాడుతోందని లెక్కేసింది. నెలన్నర ఆ అంగుళం మీదే పనిచేసింది. అంగుళం ఎత్తు మాత్రమే పోసి, ఆఖరి బొట్టు దాకా కాల్చి చూసింది. నిజంగానే వత్తి మునిగి పోయేటప్పుడు కాస్త మాడు వాసన తగిలింది. దొంగ దొరికాడనుకుంది. వత్తి అడుగున రేకు బిళ్ళ పెట్టి, అడుగు ఇంకా కొంచెం మిగిలి ఉండగానే మంట పోయేటట్టు చేసింది. పొగడ అర చుక్క తగ్గించింది, మళ్ళీ పెంచింది. కళ్ళం దాకా ఎన్నిసార్లు వెళ్ళిందంటే, మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు ఈవిడకి ఇంట్లో కుదురు లేదని నవ్వుకునేవాళ్ళు.

మళ్ళీ మూడు గ్లాసులు వెళ్ళాయి. మళ్ళీ ఫోన్ వచ్చింది. అదే మాట.

దసరాకి పన్నెండు రోజుల ముందు అమూల్య తనే వచ్చింది. వస్తూనే, ఇదే ఆఖరిసారనీ, పుణేకి చెప్పాలంటే ఇవాళే చెప్పాలనీ అంది. వసుమతి తాజా గ్లాసు వెలిగించి స్టూలు మీద పెట్టింది. ముగ్గురూ కూర్చున్నారు. షెడ్డులో మెల్లగా చెలమ ఊరింది. పున్నమ్మ ముందే కళ్ళు మూసుకుంది. కొట్టు గురించి ఏదో చెబుతూ చెబుతూ అమూల్య గోడకి ఆనుకుంది. మాట మధ్యలో ఆగిపోయింది. మూలనున్న అచ్చుల మీద వెలుగు నీళ్ళ మీద ఆడినట్టు ఆడుతోంది. వసుమతి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో తెలియదు. సందులో ఆటో హారన్ మోగాక గాని అమూల్య కదల్లేదు. బస్సుకి టైమైందని లేచి, చీర సర్దుకుని, గ్లాసు మీదికి వంగి ఉఫ్‌మని ఊదింది.

సన్నటి నల్లదారం లాంటి పొగ లేచింది. చెలమ ఎక్కడికి పోయిందో పోయింది. కాలిన గుడ్డ వాసన షెడ్డంతా నిండింది.

"ఇదిగో, ఇదేనక్కా నేను చెప్పేది," అంది అమూల్య.

పున్నమ్మ లేచి కూర్చుంది. "నోటితో ఊదావా అమ్మాయ్?"

"కొవ్వొత్తే కదా మామ్మగారూ. పుట్టినరోజుకి ఊదమా?"

"పుట్టినరోజు పూట ఇల్లు చీకటి చేసుకునేది మీరే. మా ఇంట్లో ఘనం చేస్తాం."

అమూల్యకి ఆ మాట తెలియదు. ఘనంగా చేయడమంటే పెళ్ళి చేసినట్టా అని అడిగింది. ముందు నీ పెళ్ళి చేసుకో, తర్వాత చెబుతానంది పున్నమ్మ.

వసుమతి ఆ మాటల్లో లేదు. తెల్ల కొవ్వొత్తిని ఊదితే కంపు వస్తుందని ఆమె ఎరుగును. ఎవరి ఇంట్లోనో చూసే ఉంటుంది. కానీ తెల్ల కొవ్వొత్తిని ఎవరూ వాసన కోసం కొనలేదు. ఇన్ని నెలల్లో చెలమని ఒక్కసారి కూడా నోటితో ఊది చూడలేదు. ఊదొచ్చని తట్టనే లేదు.

"చివరన్నది దీన్నా? నేను గ్లాసు అడుగనుకున్నా," అంది.

మళ్ళీ వెలిగించి, మైనం కరిగి మడుగయ్యేదాకా ఆగి, ఇత్తడి గిన్నె బోర్లించింది. మనసులో వంద లెక్కపెట్టింది. గిన్నె ఎత్తి, అలాగే అమూల్య ముక్కు దగ్గర పెట్టింది. అమూల్య కళ్ళు మూసుకుంది. ఆ బస్సు వెళ్ళిపోయింది.

తర్వాతి బస్సు దాకా మాట్లాడుకున్నారు. కొన్నవాళ్ళ ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలు ఎక్కడుంటాయి, ఉన్నా ఎవరు బోర్లిస్తారని అమూల్య అడిగింది. గిన్నె కూడా తనే ఇస్తానంది వసుమతి. పుణేకి ఇవాళ ఫోన్ చెయ్యొద్దని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే రేకు పనిచేసే ప్రేమదాసు దగ్గరికి వెళ్ళింది. బజారు చివర కూర్చుని ఇరవై ఏళ్ళుగా గరాటులు, కిరసనాయిలు బుడ్లు చేస్తున్న మనిషి. గ్లాసు చూపించి, అంచు మీద సరిగ్గా కూర్చునే టోపీ లాంటి మూత కావాలంది. చేత్తో పట్టుకోవడానికి పైన చిన్న కొక్కెం, అది వేడెక్కకూడదు.

"ఎందుకమ్మా ఇది?"

"దీపం ఘనం చేయడానికి, దాసన్నా."

ప్రేమదాసు కత్తెర కింద పెట్టాడు. "బతుకంతా వెలిగించేవి చేశా. పోయే కాలానికి ఆర్పేవి చేయిస్తున్నావా?"

అయినా చేశాడు. మొదటిది వదులైంది, సందులోంచి పొగ కారింది. రెండోది బిగుసుకుని, తీసేటప్పుడు గ్లాసు ఒరిగింది. మూడోది అంచు మీద నాణెం పెట్టినట్టు కూర్చుంది. వేడి తగిలితే మాత్రం రేకు అతికించిన టాంకా మందు వాసన వేసింది. వసుమతి అదే కొలతకి అరవై చేయించి, మూతలన్నీ కుంకుడు రసంలో ఉడకబెట్టి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టింది. తర్వాత ఒకటి తీసి వాసన చూస్తే ఏ వాసనా లేదు. అదే కావాలి.

ఆ వారమే అరవై గ్లాసులూ పోసింది. రెండు వారాలు షెడ్డు తలుపు వేసి ఉంచింది. పున్నమ్మ ఆ తలుపు పక్కకే మంచం జరిపించుకుంది.

దీపావళికి పది రోజులుందనగా వసుమతి రెండు అట్టపెట్టెలు ఆటోలో బస్టాండుకి, అక్కడి నుంచి బస్సులో నందిగామకి తెచ్చింది. దారి పొడుగునా ఒక పెట్టె ఒళ్ళోనే ఉంది. కోర్టు వెనక వీధిలో అమూల్య ఇంటి ముందు గదిలో దించి, గడ్డి తప్పించి, ఒక్కొక్క గ్లాసూ బల్ల మీద వరసగా పెట్టింది. ప్రతి గ్లాసు మీదా దాని మూత. ప్రతి మూత కొక్కేనికీ దారంతో కట్టిన చిన్న చీటీ. చీటీ మీద తన చేతిరాతతో రెండే మాటలు: ఊదకండి, మూయండి.

అమూల్య ఒకటి వెలిగించింది. ఇద్దరూ టీ తాగారు. టీ అయ్యేసరికి గది అంచులు కాస్త కరిగినట్టయ్యాయి. అప్పుడు అమూల్య మూత తీసుకుని, ఊపిరి బిగపట్టి, గ్లాసు మీద పెట్టింది. వేళ్ళతో కాసేపు దాన్ని అదిమి ఉంచింది. ఎత్తింది. పొగ రాలేదు. మూతలో ముఖం పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఈ చీటీ మార్చాలక్కా. ఘనం చేయండి అని రాయండి. అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటా," అంది. డిసెంబరుకి వంద కావాలని ఆ తర్వాత అంది.

వసుమతి పెన్ను అడిగి తీసుకుంది. బల్ల ముందు కూర్చుని అరవై చీటీల మీదా ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసింది. మిల్లు మేస్త్రీకి ఏం చెప్పాలో బస్సెక్కాక ఆలోచించుకోవచ్చు. ఆఖరి చీటీ సిరా ఆరేదాకా ఆగి, అరవయ్యో గ్లాసుకి మూత పెట్టి, అమూల్య చేతికిచ్చింది.